గల్లాపెట్టె ఎవరిదో ముందు తెలుసుకోండి: బ్రిటన్‌లో బస్‌పాస్ కొనబోయేవారికి

బ్రిటన్‌లో చదువుకో ఉద్యోగానికో కొత్తగా దిగినవారు మొదటి వారంలోనే బస్‌పాస్ కొనేస్తారు. కొనేముందు ఒక్క సంగతి విచారించుకోమని నా మనవి. ఈ ఊళ్లో ప్రయాణికులు కట్టే ఛార్జీ చివరికి ఎవరి గల్లాపెట్టెలో పడుతోంది? బస్సు నడిపే కంపెనీదా, ఊరి రవాణా సంస్థదా? అది తేలితే ఏ టికెట్ ఏ బస్సులో చెల్లుతుందో, ఏ పాస్ గిట్టుబాటవుతుందో, బస్సులో సంచి మరిచిపోతే ఎవరిని అడగాలో వరసగా తేలిపోతాయి. అది తేల్చుకోకుండా బస్సు రంగును నమ్ముకుంటే చేతి చమురు వదులుతుంది. ఎందుకంటే ఈ దేశంలో పోటీ కంపెనీలన్నీ ఒకే రంగు వేసుకుని ఒకే టికెట్ తీసుకునే ఊళ్లున్నాయి. ఎవరి రంగు వారిదే అయినా ఉమ్మడి టికెట్‌ను అందరూ ఒప్పుకునే ఊళ్లున్నాయి. ఒకే కంపెనీ బస్సులు దారికొక రంగులో తిరిగే ఊళ్లూ ఉన్నాయి.

నేను మాంచెస్టర్‌లో ఉంటాను. ఆక్స్‌ఫర్డ్ రోడ్డు మీది ఆసుపత్రిలో పని, అందులోనూ రాత్రి డ్యూటీలే ఎక్కువ. కారు లేదు, కొనే ఉద్దేశమూ లేదు. మా నాన్నగారు గుంటూరు డిపోలో ఆర్టీసీ కండక్టరుగా చేసి రిటైరయ్యారు. టికెట్ అంటే సంస్థ ప్రయాణికుడికి రాసిచ్చిన మాట అని ఆయన గట్టిగా నమ్మేవారు. బస్సు మధ్యలో చెడిపోతే, అదే టికెట్‌తో వెనక బస్సులో అందరినీ ఎక్కించి పంపేదాకా ఆయన రోడ్డు మీదే నిలబడేవారు. ఇక్కడ టికెట్ కొనేటప్పుడు మీరు చూసుకోవలసింది కూడా ఆ మాట ఎవరు ఇస్తున్నారన్నదే.

మన అద్దె బస్సు తెలిస్తే లండన్ తెలిసినట్టే

తెలుగు రాష్ట్రాల్లో ఆర్టీసీ అద్దె బస్సు ఎక్కనివారు తక్కువ. బస్సు ప్రైవేటు యజమానిది, డ్రైవరు ఆయన పెట్టిన మనిషి. రూటు, వేళలు, కండక్టరు, టికెట్ మాత్రం ఆర్టీసీవి. యజమానికి కిలోమీటరుకు ఇంత అని సంస్థ చెల్లిస్తుంది. బస్సు కిక్కిరిసినా, ఖాళీగా వెళ్లినా ఆయనకు వచ్చేది కిలోమీటర్ల లెక్కే. అందుకే ఆ బస్సు యజమాని ఎవరో ప్రయాణికుడు ఎప్పుడూ పట్టించుకోడు. స్టూడెంట్ పాస్ సొంత బస్సులో చెల్లినట్టే అద్దె బస్సులోనూ చెల్లుతుంది.

లండన్ ఎర్ర బస్సుల కథ సరిగ్గా ఇదే. ఆరైవా, గో-అహెడ్, స్టేజ్‌కోచ్, మెట్రోలైన్ వంటి కంపెనీలు రూటుకొక టెండరు వేసి పోటీ పడతాయి. గెలిచిన కంపెనీ బస్సు నడుపుతుంది. ఛార్జీ డబ్బు మాత్రం ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ సంస్థకు చేరుతుంది. పోటీ అంతా టెండరు దగ్గరే ముగిసిపోతుంది, స్టాపులో మీ కోసం ఎవరూ కొట్టుకోరు.

రంగు తరవాత వచ్చింది, టికెట్ ముందు వచ్చింది. లండన్ రూట్లను టెండర్లకు పెట్టడం 1985లో మొదలైంది. ఆ రోజుల్లో గెలిచిన కంపెనీ తన సొంత రంగుతోనే తిరిగేది. 1988లో 24వ నంబరు రూటు దక్కించుకున్న గ్రే-గ్రీన్ అనే కంపెనీ బస్సులు బూడిద, ఆకుపచ్చ రంగుల్లో నేరుగా పార్లమెంటు పక్క నుంచే వెళ్లేవి. అయినా వాటిలో లండన్ పాసులు చెల్లేవి, ఎందుకంటే గల్లాపెట్టె ఒకటే. 1994లో ప్రభుత్వ బస్సు విభాగాలను ప్రైవేటు వారికి అమ్మేశాక, నగరం నడిబొడ్డుకు వచ్చే బస్సుల ఒంటి మీద 80 శాతం ఎరుపు ఉండాలన్న షరతు వచ్చింది. ఇప్పుడు మనం చూసే ఒకే ఎరుపు అలా కుదురుకున్నది.

లండన్‌లో కొత్తవారు చేయవలసింది చాలా తక్కువ. 2014 జులై నుంచి బస్సులో నగదు తీసుకోరు, కాబట్టి చిల్లర జేబులో ఉన్నా లాభం లేదు. ముందుగా డబ్బు వేసుకునే ఆయిస్టర్ అనే రవాణా కార్డు గానీ, తాకిస్తే చాలే బ్యాంకు కార్డు గానీ ఎక్కేటప్పుడు ఒక్కసారి తాకించండి. దిగేటప్పుడు తాకించనక్కర్లేదు. 2025లో ఛార్జీ 1.75 పౌండ్లు. మొదటి బస్సులో కార్డు తాకించిన గంటలోపు ఎన్ని బస్సులు మారినా మళ్లీ డబ్బు కోయరు. ఒక్క బస్సుల్లోనే తిరిగితే రోజంతా కలిపి 5.25 పౌండ్లు దాటదు. ఏ కంపెనీ బస్సు ఎక్కారన్న ప్రశ్నే రాదు.

మాంచెస్టర్: నారింజ నుంచి పసుపు దాకా

మా ఊరి సంగతి కాస్త విడమరచి చెప్పాలి. ఇక్కడ ఒకే రంగు, ఒకే టికెట్ ఒకసారి వచ్చి, పోయి, మళ్లీ వచ్చాయి. పోయినప్పుడు ఏం జరిగిందో తెలిస్తే, ఇప్పటికీ ఆ పాత పద్ధతిలోనే ఉన్న ఊళ్లలో ఎలా మెలగాలో అర్థమవుతుంది.

1969లో ఇక్కడి పదకొండు మున్సిపాలిటీల బస్సులను ఒకే సంస్థ కిందికి తెచ్చి నారింజ, తెలుపు రంగులు వేశారు. 1986 అక్టోబరు 26న లండన్ తప్ప బ్రిటన్ అంతటా బస్సు రూట్లను బార్లా తెరిచేశారు. లైసెన్సు ఉన్న కంపెనీ ఏదైనా, ముందుగా నమోదు చేసుకుంటే చాలు, నచ్చిన దారిలో, నచ్చిన ఛార్జీకి, నచ్చిన రంగు బస్సు తిప్పుకోవచ్చు. ఉన్న నారింజ సంస్థను 1993లో ఉత్తరం, దక్షిణం అని రెండు ముక్కలు చేశారు. 1996లో ఉత్తరం ముక్క ఫస్ట్ అనే కంపెనీ చేతికి, దక్షిణం ముక్క స్టేజ్‌కోచ్ చేతికి వెళ్లాయి.

విశ్వవిద్యాలయాలు, ఆసుపత్రులు, రషోమ్ పేట హోటళ్లు అన్నీ ఒకే దారి మీద ఉండే ఆక్స్‌ఫర్డ్ రోడ్డు, విల్మ్స్‌లో రోడ్డుల మీద పోటీ అంతా వచ్చి పడింది. బస్సు వెనక బస్సు, వాటిలో సగం ఖాళీ. స్టేజ్‌కోచ్ తన మామూలు బస్సులు కాక, చవక ఛార్జీకి మ్యాజిక్ బస్ అని నీలం రంగువి వేరే తిప్పింది. ఫింగ్‌లాండ్స్ వంటి చిన్న కంపెనీలూ అదే దారిలో తిరిగేవి. ఒక కంపెనీ వారం పాస్ చేతిలో పెట్టుకున్నవారు, ఎదురుగా ఆగిన రెండో కంపెనీ బస్సును వదిలేసి వానలో నిలబడేవారు. అన్ని కంపెనీల్లోనూ చెల్లే సిస్టమ్ వన్ అనే పాస్ అప్పుడూ ఉండేది. కానీ ధర ఎక్కువ కావడంతో విద్యార్థులు దాని జోలికి వెళ్లేవారు కాదు. జనం లేని పేటల్లోనేమో ఆదివారం సాయంత్రం ఒక్క బస్సూ ఉండేది కాదు. అన్ని బస్సులు ఒక్క రోడ్డు మీద పోగుపడి, అవసరమైన చోట ఒక్కటీ లేకపోవడం నాకు ఇప్పటికీ కోపం తెప్పించే విషయం. ఆసుపత్రి పని సాయంత్రం ఏడింటికి ఆగిపోదు కదా.

2017 బస్సు సేవల చట్టంతో, మేయర్ ఉన్న ప్రాంతాలకు బస్సులను తమ అదుపులోకి తెచ్చుకునే అధికారం వచ్చింది. మేయర్ ఆండీ బర్నమ్ 2021 మార్చిలో నిర్ణయం ప్రకటించారు. స్టేజ్‌కోచ్, రొటాలా కంపెనీలు కోర్టుకెక్కి ఓడిపోయాయి. 2023 సెప్టెంబరు 24న బోల్టన్, విగన్ వైపు, 2024 మార్చి 24న ఓల్డమ్, రాచ్‌డేల్ వైపు, 2025 జనవరి 5న స్టాక్‌పోర్ట్, ట్రాఫర్డ్‌తో పాటు మిగతా ప్రాంతమంతా కొత్త పద్ధతిలోకి వచ్చింది. దాని పేరు బీ నెట్‌వర్క్. పసుపు, నలుపు బస్సులు, మీద ఈ ఊరి పాత గుర్తు తేనెటీగ. నడిపేది ఇప్పటికీ స్టేజ్‌కోచ్, మెట్రోలైన్, గో నార్త్ వెస్ట్, డైమండ్, ఫస్ట్ వంటి కంపెనీలే. డిపోలను మాత్రం రవాణా సంస్థ తన చేతిలోకి తీసుకుంది. ఇది పైకి కనిపించదు కానీ అసలు కీలకం ఇక్కడే ఉంది. డిపో పాత కంపెనీ చేతిలోనే ఉంటే కొత్త కంపెనీ టెండరు గెలిచినా బస్సులు ఎక్కడ నిలుపుతుంది? డిపో ఊరిదైతే ఎవరైనా వచ్చి పోటీ పడవచ్చు.

ఇక వాడుక. 2025లో ఇక్కడ ఒక ప్రయాణం 2 పౌండ్లు, గంటలోపు ఎన్ని బస్సులు మారినా అంతే. రోజు పాస్ 5 పౌండ్లు, వారం పాస్ 20. ఇక్కడొక చిన్న లెక్క వేసుకోండి. వారానికి నాలుగు రోజులు క్లాసులున్నవారికి రానూపోనూ ఎనిమిది ప్రయాణాలు, అంటే 16 పౌండ్లు. అలాంటివారు వారం పాస్ కొనడం దండగ. 2025 మార్చి 23 నుంచి బస్సుల్లో, ట్రాముల్లో బ్యాంకు కార్డు తాకించే పద్ధతి వచ్చింది, రోజుకు, వారానికి గరిష్ఠ పరిమితి కూడా దానంతట అదే లెక్కలోకి వస్తుంది. కాబట్టి మాంచెస్టర్ వచ్చిన వారంలోనే నెల పాస్ కొనకండి. రెండు వారాలు కార్డు తాకించి తిరగండి, బ్యాంకు ఖాతాలో ఎంత పోయిందో చూసుకుని అప్పుడు తేల్చుకోండి. బస్సులో ఎక్కేటప్పుడు తాకిస్తే చాలు. ట్రాముకు మాత్రం స్టేషనులో ఎక్కేముందు ఒకసారి, దిగాక ఒకసారి తాకించాలి. దిగాక మరిచిపోతే ఎక్కువ కోస్తారు.

ఒక జాగ్రత్త, ఇది లండన్‌కూ వర్తిస్తుంది. ఫోనులో పెట్టుకున్న కార్డు, జేబులో ఉన్న అదే ప్లాస్టిక్ కార్డు యంత్రానికి రెండు వేర్వేరు కార్డులు. పొద్దున ఫోను, సాయంత్రం కార్డు వాడితే రోజు పరిమితి రెండు చోట్లా మొదటి నుంచి మొదలవుతుంది. ఏదో ఒకదానికే కట్టుబడి ఉండండి. భార్యాభర్తలు కలిసి వెళ్తే ఎవరి కార్డు వారిదే. ఇండియా నుంచి తెచ్చుకున్న వీసా, మాస్టర్‌కార్డు తాకించే రకమైతే సాధారణంగా పనిచేస్తాయి కానీ, మీ బ్యాంకు విదేశీ లావాదేవీ రుసుము వేస్తుందేమో చూసుకోండి. రూపే కార్డును నమ్ముకుని బస్సెక్కకండి.

పోటీ కంపెనీలున్న ఊరికి వెళ్తే

మీకు సీటు వచ్చిన ఊరు లండన్, మాంచెస్టర్ కాకపోతే పరిస్థితి చాలామటుకు 1986 నాటి పద్ధతే. గల్లాపెట్టెలు వేరు. అలాంటి చోట పాస్ కొనేముందు కాళ్లకు కాస్త పని చెప్పాలి.

ముందుగా మీరు అద్దెకు దిగిన ఇంటి దగ్గర స్టాపుకు వెళ్లి నిలబడండి. స్తంభం మీది పలక చూడండి. దాని మీద రూటు నంబర్లు, చాలా చోట్ల కంపెనీల గుర్తులూ ఉంటాయి. కింద అద్దాల చట్రంలో వేళల పట్టిక ఉంటుంది. కొన్ని చోట్ల ఒక్కో కంపెనీ తన బస్సుల వేళలే అంటించుకుంటుంది, ఒక పట్టిక చూసి ఇవే ఉన్నాయనుకోకూడదు. తరవాత బస్సు వచ్చినప్పుడు తలుపు వైపు, అంటే ఎడమ పక్కన, కింది భాగం చూడండి. సుమారు అంగుళం ఎత్తు అక్షరాల్లో కంపెనీ చట్టబద్ధమైన పేరు, చిరునామా రాసి ఉంటాయి. అలా రాయాలని ఇక్కడి నిబంధన. రంగు ఏదైనా, పైన ఎంత పెద్ద బొమ్మ వేసినా, ఆ బస్సును నడిపేది ఎవరో ఆ చిన్న వరసే చెబుతుంది. మా పసుపు బస్సుల మీదా ఆ వరస ఉంటుంది. తెల్లవారుజామున డ్యూటీ దిగి స్టాపులో నిలబడినప్పుడు అది చదవడం నాకు అలవాటు. ఒకే రంగు బస్సులు రెండు వస్తే రెండింటి మీదా వేర్వేరు పేర్లుండడం, నా టికెట్ రెండింట్లోనూ చెల్లడం ఇప్పటికీ నాకు సంతోషం కలిగిస్తుంది.

రెండోది, రాత్రి ఎనిమిది తరవాత, ఆదివారం ఏ కంపెనీ బస్సు వస్తుందో విడిగా చూడండి. ఇది ఎవరూ చెప్పరు, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పగలు లాభం వచ్చే రూటును కంపెనీ సొంతంగా నడుపుకుంటుంది. రాత్రి, ఆదివారం లాభం లేదని ఆపేస్తే, స్థానిక కౌన్సిల్ డబ్బిచ్చి టెండరు మీద వేరే కంపెనీతో నడిపిస్తుంది. నంబరు అదే, దారి అదే, స్టాపు అదే. గల్లాపెట్టె మారిపోతుంది. పగటి కంపెనీ పాసును రాత్రి కంపెనీ ఒప్పుకునే ఏర్పాటు కొన్ని చోట్ల ఉంటుంది, కొన్ని చోట్ల ఉండదు. మా బంధువుల అబ్బాయి ఒకడు వేరే ఊళ్లో చదివాడు. కాలేజీ మొదలైన వారంలో ఆవరణలో బల్ల వేసుకుని, టీషర్టులు పంచుతూ, ఒక కంపెనీవారు ఏడాది పాస్ అమ్మారు. వాడు కొన్నాడు. హోటల్లో సాయంత్రం పని దొరికాక చూస్తే, రాత్రి ఇంటికి చేర్చే బస్సు ఇంకో కంపెనీది. పాస్ జేబులో ఉండగానే రోజూ రాత్రి విడిగా టికెట్ కొన్నాడు. డబ్బు వాపసు అడిగితే, నెలల లెక్కన కోసుకుని మిగిలిందేదో ఇస్తామన్నారు. దేశానికి కొత్తయిన పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి ఇది ఎవరు చెప్పాలి? అమ్మినవారే చెప్పాలి. చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను.

మూడోది, ఆ ఊరి ఉమ్మడి టికెట్ పేరు తెలుసుకోండి. చాలా పెద్ద ఊళ్లలో అలాంటిది ఒకటి ఉంటుంది, కానీ కంపెనీల యాప్‌లలో అది అడుగున పడి ఉంటుంది. డ్రైవరును అడిగితే తన కంపెనీ పాసే చూపిస్తాడు, అది అతని తప్పు కాదు. బర్మింగ్‌హామ్ వైపు దాని పేరు ఎన్‌బస్. నాటింగ్‌హామ్‌లో రాబిన్‌హుడ్, ఇది నాటింగ్‌హామ్ సిటీ ట్రాన్స్‌పోర్ట్ బస్సుల్లోనూ, దానితో పోటీపడే ట్రెంట్‌బార్టన్ బస్సుల్లోనూ, ట్రాములోనూ చెల్లుతుంది. న్యూకాసిల్ వైపు నెట్‌వర్క్ వన్. ఆక్స్‌ఫర్డ్‌లో స్మార్ట్‌జోన్. ఆ పేరుతో వెతికితే హద్దుల పటం దొరుకుతుంది. మీ ఇల్లు, కాలేజీ, పనిచేసే చోటు మూడూ ఆ హద్దుల లోపల ఉన్నాయో లేదో చూసుకోండి.

నాటింగ్‌హామ్ వెళ్లేవారికి ఇంకో మాట. అక్కడ సిటీ ట్రాన్స్‌పోర్ట్ బస్సులకు దారిని బట్టి రంగు. విశ్వవిద్యాలయం వైపు వెళ్లేవి నారింజ, మరో వైపువి మరో రంగు. నారింజ బస్సు ఒక కంపెనీ, నీలం బస్సు ఇంకో కంపెనీ అనుకుని కంగారు పడకండి.

ఉమ్మడి టికెట్ విషయంలో ఆక్స్‌ఫర్డ్ ఉదాహరణ నాకు చాలా నచ్చుతుంది. ఆక్స్‌ఫర్డ్ బస్ కంపెనీ, స్టేజ్‌కోచ్ ఏళ్ల తరబడి ఒకే రోడ్ల మీద ఒకరి వెనక ఒకరు బస్సులు తిప్పేవి. ఇరుకైన పాత వీధులు పొగతో నిండిపోయేవి. 2008 నాటి స్థానిక రవాణా చట్టం ఇలాంటి ఒప్పందాలకు దారి సుగమం చేసింది. 2011లో రెండు కంపెనీలూ కౌంటీ కౌన్సిల్‌తో కూర్చుని, ముఖ్యమైన దారుల్లో వేళలను పంచుకున్నాయి. బస్సుల సంఖ్య తగ్గించి డబుల్ డెక్కర్లు తెచ్చాయి, ఒకరి స్మార్ట్‌కార్డును ఒకరు ఒప్పుకున్నాయి. రంగులు మాత్రం ఎవరివి వారివే. పోటీ పోలేదు, ప్రయాణికుడి మీద పడే భారం పోయింది. అంటే మేయరు, 2017 నాటి చట్టం, కోర్టు గెలుపు ఏవీ లేకుండానే ఇది సాధ్యమే. తలుచుకోని ఊళ్లే ఎక్కువ.

కంపెనీలు కలిసి కూర్చుని ఇలాంటివి తేల్చుకోవడానికి పోటీ చట్టం అడ్డం వస్తుందని కొందరు అంటారు. అది సగమే నిజం. ధరల్లో కుమ్మక్కు కాకూడదన్న నిషేధం ఉంది. కానీ ఉమ్మడి టికెట్లకు 2001 నుంచే ప్రత్యేక మినహాయింపు ఇచ్చారు. ఉమ్మడి పాస్ అమ్మకం డబ్బును, జనం ఎవరి బస్సులో ఎంత దూరం వెళ్లారో లెక్కగట్టి పంచుకోవచ్చు. తమ తమ సొంత టికెట్ల ధరలను మాత్రం కూడబలుక్కుని పెట్టకూడదు. ఆ సొంత పాసును ప్రతి కంపెనీ ఉమ్మడి పాసు కన్నా చవగ్గా పెట్టి, తన ప్రయాణికుడిని తన దగ్గరే కట్టేసుకుంటుంది. మీరు స్టాపులో చూసే ధరల తేడా అక్కడి నుంచి వచ్చిందే.

ఆ తేడా చూసి చవకదానికి మొగ్గకుండా లెక్క వేయండి. ఒక కంపెనీ వారం పాస్ 16 పౌండ్లు, ఉమ్మడి పాస్ 20 పౌండ్లు అనుకుందాం. 2025 జనవరి నుంచి ఇంగ్లండ్‌లో చాలా బస్సుల్లో ఒక్క ప్రయాణానికి గరిష్ఠ ఛార్జీ 3 పౌండ్లు. వారంలో రెండుసార్లు రెండో కంపెనీ బస్సు ఎక్కవలసి వచ్చినా 6 పౌండ్లు పోయాయి, ఉమ్మడి పాసే చవకయింది. అసలు ఎప్పుడూ ఎక్కే పని లేకపోతే, మీ స్టాపుకు పగలూ రాత్రీ ఒకే కంపెనీ వస్తుంటే, ఆ కంపెనీ పాసే కొనుక్కోండి. హాట్‌ఫీల్డ్ వంటి చోట ముందు విశ్వవిద్యాలయాన్నే అడగండి. అక్కడ ఊనో అనే బస్సు కంపెనీ హర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయానిదే.

కార్డు తాకించి వెళ్లినా పోటీ ఊళ్లలో జాగ్రత్త అవసరం. రోజు పరిమితి చాలాచోట్ల ఒక్క కంపెనీ లోపలే లెక్క. పొద్దున ఒక కంపెనీ, సాయంత్రం ఇంకో కంపెనీ బస్సు ఎక్కితే, ఉమ్మడి ఏర్పాటు ఉంటే తప్ప ఆ రెండూ కలవవు. రానూపోనూ టికెట్ కొంటే, తిరుగు ప్రయాణం కూడా ఆ కంపెనీ బస్సులోనే.

రైల్లో వేరే ఊరు వెళ్లి అక్కడ రోజంతా తిరగాలనుకునేవారు ప్లస్‌బస్ గురించి తప్పక తెలుసుకోవాలి. రైలు టికెట్ కొనేటప్పుడే కొంత అదనంగా కడితే, దిగిన ఊళ్లో ఆ హద్దుల లోపల రోజంతా బస్సులు ఎక్కవచ్చు, అదీ ఎక్కువ కంపెనీల బస్సుల్లో. విద్యార్థుల రైల్‌కార్డు ఉంటే దాని మీద కూడా తగ్గింపు వస్తుంది. లండన్‌కు ఇది లేదు. స్టేషను కౌంటరులో అడగనిదే వారు చెప్పరు.

అమ్మానాన్నలు చూడటానికి వచ్చినప్పుడు, ఇక్కడి పెద్దవారికి ఉచిత బస్‌పాస్ ఉంటుందట కదా అని చాలామంది అడుగుతారు. అది ఇక్కడ నివాసం ఉండేవారికే. సందర్శక వీసా మీద వచ్చినవారికి రాదు. వారికి విడిగా ఒక కార్డు ఇచ్చి తాకించమనండి.

సంచి పోతే, మాట తప్పితే

ఒకే రంగు ఊళ్లలో మనవాళ్లు తికమకపడేది సామాను పోయినప్పుడు. టికెట్ రవాణా సంస్థది కానీ, సంచి వెళ్లేది కంపెనీ డిపోకు. కాబట్టి దిగగానే రూటు నంబరు, ఎక్కిన వేళ, వెళ్తున్న దిక్కు రాసి పెట్టుకోండి. బస్సు మీద ఉండే నంబరు గుర్తుంటే ఇంకా మంచిది. లండన్‌లో దొరికిన వస్తువులు మొదట కొన్నాళ్లు డిపోలో ఉండి, తరవాత కేంద్ర కార్యాలయానికి వెళ్తాయి. ఫిర్యాదు మాత్రం రవాణా సంస్థకే చేయండి. డ్రైవరు ఆపకుండా వెళ్లిపోయాడు, ఆఖరి బస్సు రానే లేదు వంటివి వారికి చేరితేనే కంపెనీ కాంట్రాక్టు లెక్కలోకి వస్తాయి. పోటీ ఊళ్లలో ఫిర్యాదైనా సంచైనా నేరుగా కంపెనీకే, బస్సు ఎడమ పక్కన చదివిన ఆ పేరుకే.

రంగు మారుతున్న ఊళ్లలో ఇంకాస్త ఓపిక కావాలి. లివర్‌పూల్ ప్రాంతం 2023లో, వెస్ట్ యార్క్‌షైర్ 2024లో మాంచెస్టర్ దారి పట్టాలని నిర్ణయించుకున్నాయి. ఇలాంటి చోట ఉమ్మడి రంగు ముందుగా రోడ్డెక్కుతుంది, ఉమ్మడి గల్లాపెట్టె తరవాత వస్తుంది. లివర్‌పూల్ ప్రాంతంలో, కాంట్రాక్టు పద్ధతి రాకముందే, ప్రాంతీయ పాలకమండలి కొన్న పసుపు రంగు హైడ్రోజన్ బస్సులను 10ఎ రూటులో ఆరైవా, స్టేజ్‌కోచ్ కంపెనీలు నడిపాయి. అలాంటి బస్సు కనిపిస్తే, మీ కంపెనీ పాస్ చెల్లుతుందా అని ఎక్కేముందే అడగండి.

అటువంటి ఊళ్లలో పాలకమండళ్లు ప్రజల అభిప్రాయాలు కోరతాయి. మాంచెస్టర్‌లో 2019 అక్టోబరు నుంచి 2020 జనవరి దాకా అడిగారు. మన విద్యార్థులు, హోటళ్లలో, గోదాముల్లో, ఆసుపత్రుల్లో రాత్రి పనిచేసే మనవాళ్లు ఇలాంటి వాటికి తప్పక రాయాలి. బస్సు మీద అందరికన్నా ఎక్కువ ఆధారపడేది మనమే. బాగాలేదని రాస్తే లాభం లేదు. ఏ స్టాపులో, ఏ రోజు, ఎన్ని గంటలకు నిలబడ్డారు, చేతిలో ఏ టికెట్ ఉంది, ఏ కంపెనీ బస్సు చెల్లదంది, చివరికి ఇంటికి ఎలా చేరారు, ఎంత ఖర్చయింది, ఇవి రాయండి. ఇంగ్లిష్ అంత బాగా రాకపోయినా పరవాలేదు. పౌరసత్వం ఉందా అని వారు అడగరు, వీసా మీద ఉన్నవారి జవాబూ లెక్కలోకి తీసుకుంటారు.